సారుకు రిటైర్మెంటు వచ్చింది, మరి అమ్మకు?



మా చాపాడు మండలములోని ఒక పల్లెలో మా సంఘస్థుడైన పెద్దాయన ఒకరున్నారు. ముప్పై అయిదేండ్లు పిల్లలకు లెక్కలు చెప్పి, 2018లో అరవై ఏండ్లు నిండి, హెడ్మాస్టరుగా రిటైరైనారు. ఊరంతా ఆయనను "సారు" అనే పిలుస్తుంది. నేనూ అంతే. ఈ సంగతి ఆయన అనుమతితోనే వ్రాస్తున్నాను. "పేరు మాత్రం వద్దు అయ్యగారూ. తప్పు ఉన్నదున్నట్టు రాయండి" అన్నారు.

సారుకు క్రికెట్టంటే ప్రాణము. 1983 జూన్ 25న లార్డ్స్ మైదానములో మన జట్టు 183 పరుగులకే ఆలౌటై, తిరిగి వెస్టిండీసును 140కి పడగొట్టి, 43 పరుగులతో ప్రపంచ కప్పు గెలిచిన రాత్రి ఆయనకు ఇరవై అయిదేండ్లు. ఊళ్ళో టీవీ లేదు. మిద్దె మీద ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకొని, ఆ గరగర శబ్దములో సగము విని, సగము ఊహించుకొని, అర్ధరాత్రి కేకలు వేస్తే వీధిలోని కుక్కలన్నీ లేచాయట. మరుసటి సంవత్సరము పెండ్లి జరిగింది. కొత్త పెండ్లికూతురుకు ఆయన మొదట చెప్పిన కథ కపిల్‌దేవ్ కథేనని ఆ అమ్మ ఇప్పటికీ నవ్వుతూ చెప్తుంది.

ఉద్యోగములో ఉన్నన్నాళ్ళు సారుకు ఆట చూచే తీరిక దొరకలేదు. పరీక్షలు, ట్రైనింగులు, ఎన్నికల డ్యూటీలు, జనాభా లెక్కలు. పక్కింటివారి టీవీలో నాలుగు ఓవర్లు చూచి బడికి పరుగెత్తేవారు. "రిటైరైనాక చూడు, ఒక్క బంతి వదలను" అని అనేవారు. అన్నట్లే చేశారు. రిటైర్మెంటు డబ్బుతో పెద్ద టీవీ కొన్నారు. అదే 2018 సంవత్సరములో తెలుగు వ్యాఖ్యానముతో ఆటల ఛానలు కూడ వచ్చింది. ఇంకేమి కావాలి? టెస్టులు, వన్డేలు, ట్వంటీ ట్వంటీలు, మన జట్టు ఆడినవి, మన జట్టు ఆడనివి, పాత మ్యాచ్‌ల పునఃప్రసారములు, అన్నియు చూచుట మొదలుపెట్టారు.

సారుకు రిటైర్మెంటు వచ్చింది గాని అమ్మకు రాలేదు. ఆమె మునుపటివలెనే తెల్లవారుజామున అయిదింటికి లేచి కసువు ఊడ్చి, బర్రెకు మేత వేసి, పాలు పిండి, వంట చేసి, మధ్యాహ్నము బట్టలు ఉదికి, సాయంకాలము మళ్ళీ పొయ్యి దగ్గరికి వచ్చేది. ఒకటే తేడా. ఇదివరలో పగలంతా ఇల్లు నిశ్శబ్దముగా ఉండేది. ఇప్పుడు టీవీ మోగుతూ ఉంటుంది, భర్త ఇంట్లోనే ఉంటాడు, కాని మాట్లాడడు.

ఆ ఆదివారము

2023 నవంబరు 19 మీకందరికి జ్ఞాపకముండే ఉంటుంది. అహమ్మదాబాదులో ప్రపంచ కప్పు ఫైనలు. వరుసగా పది మ్యాచ్‌లు గెలిచి వచ్చిన మన జట్టు ఆ రోజు ఆస్ట్రేలియా చేతిలో ఆరు వికెట్ల తేడాతో ఓడిపోయింది. అది ఆదివారము.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. ఆ సాయంకాలము ఆరున్నరకు మాకొక గృహకూడిక ఉండవలసినది. ఉదయ ఆరాధన చివర నేను లేచి, ప్రజల సౌకర్యార్థము కూడికను మధ్యాహ్నము పన్నెండింటికే పెట్టుకుందామని ప్రకటన చేశాను. ఎవరి సౌకర్యమో నాకు తెలుసు. నేనూ కుందూ ఇసుకలో కొబ్బరి మట్ట బ్యాటుతో ఆడి పెరిగినవాడినే. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది సారును ఎత్తిపొడుచుటకు చెప్పుట లేదు.

ఆ రోజు చీకటి పడినాక అమ్మ బర్రెను కట్టివేసి వస్తూ జాలాడి దగ్గర పాచి మీద కాలు జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. పిలిచింది. టీవీ శబ్దములో వినబడలేదు. మరల పిలిచింది. అటుతరువాత పిలువలేదట. దాదాపు ఇరవై నిమిషాలకు పక్కింటి పిల్ల నీళ్ళ బిందె కోసము వచ్చి చూచి, "సారూ, అవ్వ పడిపోయింది!" అని అరిస్తేనే ఆయన లేచారు.

ఆటోలో ప్రొద్దుటూరుకు తీసికొనిపోయి ఎముకల డాక్టరుచేత కట్టు వేయించుకొని, రాత్రి పదకొండింటికి ఇల్లు చేరారు. తలుపు తీస్తూంటే అమ్మ అడిగిందట.

"మ్యాచి ఏమయిందయ్యా?"

"ఓడిపోయినాము."

"అయ్యో, మద్యాన్నం నుంచి కూర్చోనుంటివే" అని జాలిపడింది.

ఈ మాట నాకు చెప్పేటప్పుడు సారు చాలసేపు ఆగారు. "తిట్టింటే బాగుండు అయ్యగారూ. నన్ను చూసి పాపమనుకునింది. అది తట్టుకోలేకపోయినాను" అన్నారు.

ఆట పాపమా?

మరుసటి ఆదివారము సారు నా దగ్గరికి వచ్చి, "టీవీ అమ్మేస్తాను, క్రికెట్టు ఇంక చూడను" అన్నారు. తొందరపడవద్దని చెప్పాను. ఆట పాపము కాదు. అపొస్తలుడైన పౌలు కొరింథీ సంఘమునకు వ్రాస్తూ పందెపు రంగములో పరుగెత్తేవారిని ఉపమానముగా తీసికొన్నాడు. ఆటలంటే ఎరుగనివాడు అట్టి ఉపమానము చెప్పలేడు.

చరిత్రలోనికి కొంచెము తొంగిచూద్దాము. 1882లో లండనులోని ఓవల్ మైదానములో ఇంగ్లండు ఆస్ట్రేలియా చేతిలో ఏడు పరుగులతో ఓడిపోయింది. నేటికిని ఆ రెండు దేశములు ఆడుకొనే "యాషెస్" పోటీకి పేరు పుట్టినది ఆ ఓటమి నుండే. ఆ మ్యాచ్ రెండవ ఇన్నింగ్సులో చార్లెస్ స్టడ్ అను యువకుడు ఒక్క బంతి కూడ ఎదుర్కొనక, నాటౌటుగా అవతలి కొననే నిలిచిపోయాడు. మూడు సంవత్సరముల తరువాత, 1885లో, అతడే మిషనరీగా చైనా దేశమునకు ఓడ ఎక్కాడు. పిమ్మట కొంతకాలము మన దక్షిణదేశములోని ఊటీలో కాపరిగా ఉన్నాడు. చివరకు ఆఫ్రికాలోని కాంగోలో పనిచేస్తూ 1931లో మరణించాడు.

ఎరిక్ లిడెల్ సంగతి మనలో చాలమందికి తెలుసు. 1924 పారిస్ ఒలింపిక్సులో వంద మీటర్ల హీట్లు ఆదివారము వచ్చాయని ఆ పరుగును వదలుకొని, తనకు అంత అలవాటు లేని 400 మీటర్ల పరుగులో 47.6 సెకన్లకు బంగారు పతకము గెలిచాడు. ఆయనయు చైనాకు వెళ్ళి, 1945లో నిర్బంధ శిబిరములో మరణించాడు.

వీరు ఆటను ద్వేషించినవారు కారు, ఎంతగానో ప్రేమించినవారు. అయితే దానికి ఎక్కడ చోటు ఇవ్వాలో ఎరిగినవారు. మనకు ఒలింపిక్సు లేదు, యాషెస్ లేదు. మన దగ్గర ఉన్నది ఒక టీవీ, ఒక సెల్‌ఫోను, మిగిలిన కొన్ని సంవత్సరములు, ఆ సంవత్సరములను మనతో పంచుకొనవలసిన కొందరు మనుష్యులు. వారికిని ఆటకును మధ్య మనము ఎట్లు పంచుతున్నామన్నదే ప్రశ్న.

లెక్కల సారు వేసిన లెక్క

టీవీ అమ్మవద్దు గాని, మీరు లెక్కల సారు గదా, ఒక లెక్క వేయండి అన్నాను. ఆయన నోటుపుస్తకము తీసి కూర్చున్నారు. మీరూ వేసి చూడండి.

ఒక వన్డే మ్యాచ్‌కు ఎనిమిది గంటలు. ఒక ట్వంటీ ట్వంటీకి మూడున్నర గంటలు. 2008లో మొదటి ఐ.పి.ఎల్.లో 58 మ్యాచ్‌లు జరిగాయి. 2025లో 74 మ్యాచ్‌లు పెట్టారు. 74ను మూడున్నరతో హెచ్చవేస్తే 259 గంటలు. రోజుకు ఎనిమిది గంటల పని అనుకుంటే అది ముప్పై రెండు పనిదినములు! ఒక్క పోటీకే ఇంత. దీని మీద టెస్టులు, వన్డేలు, మ్యాచ్‌కు ముందు మాటలు, తరువాత మాటలు, సెల్‌ఫోనులో ముక్కలు ముక్కలుగా చూచేవి వేరు.

పుటకు రెండవ వైపున ఇంకొక లెక్క వేయమన్నాను. రిటైరైనప్పటినుండి భార్యను తీసికొని చేసిన ప్రయాణములు ఎన్ని? ఆస్పత్రికి, చావులకు, పెండ్లిండ్లకు కాక, ఊరకే, ఆమె సంతోషము కొరకు చేసినవి.

సారు చాలసేపు ఆలోచించి సున్న చుట్టారు.

విశాఖపట్నములో అమ్మకొక చెల్లెలున్నది. మరిది ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి అక్కడే స్థిరపడ్డాడు. ఇరవై ఏండ్లుగా చెల్లెలే పండుగకో చావుకో ఇటు వచ్చిపోతున్నది గాని, అక్క ఆ ఇంటి గడప తొక్కలేదు. అమ్మ తన అరవై రెండేండ్ల జీవితములో సముద్రము చూడలేదు. ఎప్పుడైనా ఆ మాట ఎత్తితే, "ఈ సిరీసు అయిపోనీ" అని సారు అనేవారట. సిరీసులు అయిపోతాయా? ఒకటి ముగియక ముందే ఇంకొకటి మొదలవుతుంది.

ఎర్రమల్లె పిల్ల

ఇక్కడ దేవుడు ఒక చక్కని తలుపు తెరిచాడని నేను నమ్ముతున్నాను.

2025 ఏప్రిల్‌లో మన కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలము ఎర్రమల్లె గ్రామపు అమ్మాయి శ్రీచరణి భారత మహిళల జట్టులో మొదటి వన్డే ఆడింది. ఎడమచేతి స్పిన్ బౌలరు. జూన్‌లో ఇంగ్లండులో ఆడిన మొదటి ట్వంటీ ట్వంటీలోనే 12 పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీసింది. పేపరులో ఫొటో వచ్చింది. అమ్మ పుట్టినిల్లు ఆ పక్క ఊరే. ఎన్నడూ ఆటల పేజీ తిప్పని మనిషి ఆ పేపరు మడిచి బైబిలు పక్కన పెట్టుకొన్నది.

"ఏమయ్యా, మా పక్క పిల్ల మళ్ళీ ఎప్పుడు ఆడతాది?" అని అడిగింది.

నలుబది ఏండ్ల సంసారములో క్రికెట్టు గురించి భార్య అడిగిన మొదటి ప్రశ్న అది. సారు కాలండరు తీశారు. ఆ సంవత్సరము మహిళల ప్రపంచ కప్పు మన దేశములోనే. విశాఖపట్నములో మన జట్టుకు రెండు మ్యాచ్‌లు. అక్టోబరు 9 గురువారము దక్షిణాఫ్రికాతో, 12 ఆదివారము ఆస్ట్రేలియాతో. టిక్కెట్టు వంద రూపాయల నుండి దొరుకుతుంది. చెల్లెలు అక్కడే. సముద్రము అక్కడే.

"ఏమ్మే, విశాఖపట్నం పోదామా?" అన్నారు సారు.

ఆమె నమ్మలేదు. కడపలో తిరుమల ఎక్స్‌ప్రెస్ కదిలిన తరువాతనే నమ్మిందట!

మ్యాచ్ రోజున వాన వలన ఆట ఆలస్యముగా మొదలైంది. స్టేడియం మెట్లు ఎత్తుగా ఉన్నాయి. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. సగము ఎక్కి ఇంక ఎక్కలేనని మెట్టు మీదనే కూర్చున్నది. అంతలో పైనుండి పెద్ద కేక, వికెట్టు పడింది. సారు పైకి పరుగెత్తలేదు. విరిగి అతికిన ఆ కుడిచేతిని పట్టుకొని, ఆమె ఊపిరి తిరిగేవరకు అక్కడే కూర్చున్నారు. "ఆ వికెట్టు నేను ఇప్పటికీ చూడలేదు అయ్యగారూ" అని ఆయన చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషము ఇంతంత కాదు.

ఆ రోజు మన జట్టు 251 పరుగులు చేసి, మూడు వికెట్లతో ఓడిపోయింది. అయినను అమ్మ తన ఊరి పక్క పిల్ల బంతి వేసిన ప్రతిసారి లేచి నిలబడింది. ఆట ముగిసేటప్పటికి అర్ధరాత్రి కావస్తున్నది. ముందే మాట్లాడుకొన్న కారులో మరిది కొడుకు వారిని ఇంటికి చేర్చాడు.

శనివారము సముద్రతీరమునకు వెళ్ళారు. ఒడ్డున మ్యూజియముగా నిలిపిన కుర్సురా జలాంతర్గామిని లోపలికి వెళ్ళి చూశారు. 1805లో లండన్ మిషనరీ సొసైటీవారు మన తెలుగుదేశములో మొదట పని మొదలుపెట్టిన పట్నము అదేనని, అటుతరువాతనే మన కడపకు వచ్చారని సారు వివరిస్తూంటే అమ్మ వినలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకొని అలలో నిలబడి ఉన్నది.

ఆదివారము అసలు పరీక్ష వచ్చింది. మధ్యాహ్నము మూడింటికి ఆస్ట్రేలియాతో మ్యాచ్. మరిది కొడుకు టిక్కెట్లు తెస్తానన్నాడు. అయితే ఆరాధన అయినాక అందరూ కలిసి భోజనము చేసి భీమునిపట్నము పోదామని చెల్లెలు ముందే అనుకున్నది. ఇరవై ఏండ్లకు వచ్చిన అక్క, మరుసటి రోజే తిరుగు ప్రయాణము. సారు భీమునిపట్నమే వెళ్ళారు. ఆ రోజున స్టేడియములో మిథాలీ రాజ్ పేరున స్టాండును, రవి కల్పన పేరున గేటును ఆవిష్కరించారు. మన జట్టు 330 పరుగులు చేసింది. ఆస్ట్రేలియా దానిని ఛేదించి, అప్పటికి మహిళల వన్డేలలో అతి పెద్ద ఛేదనగా చరిత్రకు ఎక్కించింది. శ్రీచరణి మూడు వికెట్లు తీసింది. దగ్గరలోనే ఉండి కూడ సారు అదేమీ చూడలేదు.

"బాధ లేదా సారూ?" అని అడిగాను.

"లేకేమి, ఉంది. అబద్ధం చెప్పను. కానీ ఆ పొద్దు అక్కాచెల్లెండ్లు ఇద్దరూ ఇసుకలో కూర్చోని వాళ్ళమ్మను తలుచుకోని ఏడ్చినారు, నవ్వినారు. నేను మొక్కజొన్న కంకులు కాల్పించుకోని తెచ్చిచ్చినాను. నలభై ఏండ్లలో ఆమెకు నేను చేసిన సేవ అదొక్కటేనేమో."

పెద్దవారు పాటించదగిన కొన్ని సంగతులు

సారు అనుభవము నుండియు, నా అనుభవము నుండియు కొన్ని మాటలు చెప్తాను. మీ ఇంటికి తగినట్లు మార్చుకోండి.

*కాలండరు మీద ముందు మనుష్యులు, తరువాత మ్యాచ్‌లు.* కొత్త సంవత్సరపు కాలండరు రాగానే మనుమల పుట్టినరోజులు, బాప్తిస్మములు, పెండ్లిరోజు, కోతల పండుగ, బిడ్డల ఇండ్లకు పోవు దినములు ఎర్ర సిరాతో వ్రాయండి. మిగిలిన దినములలో మీకు నిజముగా ఇష్టమైన మ్యాచ్‌లు నీలి సిరాతో వ్రాయండి. సారు ఇప్పుడు నెలకు నాలుగు మ్యాచ్‌లే పూర్తిగా చూస్తారు. తక్కినవి మరుసటి ఉదయము పేపరులో చదువుకుంటారు.

*ప్రయాణమును ఆట చుట్టూ కాక, ఆటను ప్రయాణములో పెట్టండి.* పోవు ఊరిలో బంధువులెవరున్నారు, భార్య ఏమి చూడగోరుచున్నది అని ముందు అడగండి. కలకత్తా పోర్టు ట్రస్టులో పనిచేసి రిటైరైన ఒకాయన భార్యతో కలిసి 1982 స్పెయిన్ నుండి 2018 రష్యా వరకు పది ఫుట్‌బాల్ ప్రపంచ కప్పులకు వెళ్ళి వచ్చారు. ధనవంతులు కారు. నాలుగేండ్లు పొదుపు చేసుకొని వెళ్ళేవారు. ఆ ఇంటిలో ఆట భార్యాభర్తలిద్దరిది. మీ ఇంటిలో అది ఒక్కరిదేనా, ఇద్దరిదా?

*రాయితీలు తెలిసికోండి.* రైళ్ళలో వృద్ధులకిచ్చే టిక్కెట్టు రాయితీని 2020 మార్చిలో ఆపివేశారు. అయితే అరవై దాటిన పురుషులకు, నలుబది అయిదు దాటిన స్త్రీలకు క్రింది బెర్తు కోటా ఉన్నది. టిక్కెట్టు తీసేటప్పుడు అడగండి. మన ఆర్టీసీ బస్సులలో అరవై దాటినవారికి నాలుగవ వంతు రాయితీ ఉన్నది. 2025 ఆగస్టు 15 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సులలో రాష్ట్రములోని స్త్రీలకు ప్రయాణము ఉచితము. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోండి. అమ్మ ఖర్చు ఎక్కువవుతుందని ఇంక చెప్పుటకు వీలులేదు.

*గుంపులకు దూరముగా ఉండండి.* 2025 జూన్ 4న బెంగుళూరులో ఐ.పి.ఎల్. విజయోత్సవము నాడు స్టేడియము బయట తొక్కిసలాటలో పదకొండు మంది ప్రాణములు పోయాయి. చాలమంది యౌవనస్థులే. అట్టి చోటికి వృద్ధులు వెళ్ళరాదు. స్టేడియమునకు పోతే ముందుగా చేరి, జనము వెళ్ళిన తరువాత లేచి రండి. బి.పి., షుగరు మాత్రలు జేబులో ఉండాలి. ఉత్కంఠ ఎక్కువైనప్పుడు లేచి నాలుగడుగులు నడవండి.

*పందెము జోలికి పోవద్దు.* ఇది గట్టిగా చెప్తున్నాను. రిటైర్మెంటు డబ్బు చేతిలో ఉన్నవారిని, పొలము అమ్మినవారిని వెదకి పట్టుకొనేవారున్నారు. "సారూ, మీకు ఆట తెలుసు గదా" అని మొదలుపెడతారు. ఆట తెలిసినవాడే తొందరగా మునుగుతాడు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టము చేసింది. చట్టము ఉన్నా ప్రలోభము ఫోనులోకి రాకమానదు. మన ఊళ్ళలో పందెముల మూలముగా భూములు పోగొట్టుకొన్న ఇండ్లకు నేను ప్రార్థనకు వెళ్ళాను. ఆ ఇండ్లలో ఇంక ఎవరూ క్రికెట్టు మాట ఎత్తరు.

*శబ్దము తగ్గించండి.* చిన్న మాటే. ఇంటిలో ఎవరైనా పిలిస్తే వినబడునంతగా ఉంచండి.

రైతుకు రిటైర్మెంటు ఎక్కడిది?

"అయ్యగారూ, మీరు ఉద్యోగస్థుల సంగతి చెప్తున్నారు, మా సంగతేమి?" అని మీరు అడగవచ్చును. నిజమే. ప్రభుత్వోద్యోగికి 2014లో అరవై, 2022లో అరవై రెండు అని వయస్సు నిర్ణయించారు. కె.సి. కెనాలు క్రింద వరి వేసుకొనే రైతుకు ఏ ప్రభుత్వమూ వయస్సు నిర్ణయించలేదు. నడుము వంగినా కాలువలో నీళ్ళు వచ్చాయంటే చేలోకి దిగవలసినదే. మన సంఘములలో చాలమందికి నెలకు వచ్చే నాలుగు వేల పింఛనే ఆధారము.

అయినను ఈ మాట మనకును వర్తిస్తుంది. సేద్యము కొడుకు చేతికి వచ్చినాక తండ్రికి సాయంకాలము కొంత తీరిక దొరుకుతుంది. అది రచ్చబండ మీద సెల్‌ఫోను చుట్టూ పోతున్నదా, మనుమని చెయ్యి పట్టుకొని కుందూ ఒడ్డుకు పోతున్నదా? విశాఖపట్నము పోనక్కరలేదు. గండికోట మనకు జమ్మలమడుగు పక్కనే. మన ఆడవారిలో ఎందరు దానిని చూచియున్నారు? పొద్దున పల్లెవెలుగు బస్సెక్కి, సద్దన్నము మూట కట్టుకొని వెళ్ళి సాయంకాలానికి తిరిగి రావచ్చును. మనుమడు క్రికెట్టు అడిగితే ఆ కోట మైదానములోనే రెండు ఓవర్లు వేయండి. తాత వేసిన బంతిని వాడు మరచిపోడు.

ఇంకొక మాట. పెద్దవారి ఆటల ఇష్టమును పిల్లలు ఎగతాళి చేయకూడదు. 2019లో ఇంగ్లండులో జరిగిన ప్రపంచ కప్పులో చారులతా పటేల్ అను 87 ఏండ్ల అవ్వ చక్రాల కుర్చీలో వచ్చి, బూర ఊదుతూ మన జట్టును ఉత్సాహపరిచింది. ఆట ముగిసినాక జట్టు నాయకుడే వచ్చి ఆమె ఆశీర్వాదము తీసికొన్నాడు. ఆమె మరుసటి జనవరిలో కన్నుమూసింది. ఆమెను స్టేడియమునకు తీసికొని వచ్చినవారు ఎవరో ఉన్నారు గదా. మీ ఇంటిలోని ముసలివారికి ఏ ఆట ఇష్టమో మీకు తెలుసా?

నవంబరు రెండు

2025 నవంబరు 2 మరల ఒక ఆదివారము. నవీ ముంబైలో మహిళల ప్రపంచ కప్పు ఫైనలు. ఈసారి నేను ప్రకటన ఏమీ మార్చలేదు. ఉదయ ఆరాధన, సాయంకాలపు కూడిక యథాప్రకారము జరిగాయి. వాన వలన మ్యాచ్ సాయంకాలము అయిదింటికి గాని మొదలు కాలేదు. కూడిక ముగిసినాక సారు ఇంటికి వెళ్ళాను.

వరండాలో టీవీ పెట్టారు. పక్కింటివారు, వీధి పిల్లలు, బెంగుళూరు నుండి వచ్చిన కూతురు, అల్లుడు, మనుమరాలు, అందరూ చాపల మీద కూర్చున్నారు. సారు కూర్చోలేదు. పళ్ళెములు కడుగుతున్నారు. అమ్మ టీవీకి ఎదురుగా కుర్చీలో కూర్చున్నది.

మన జట్టు 298 పరుగులు చేసింది. విరామ సమయములో టీవీ శబ్దము తీసివేసి చిన్న కుటుంబ ప్రార్థన చేసుకున్నాము. గెలుపు కొరకు కాదు, కూడియున్న ఆ ఇంటి కొరకు. అర్ధరాత్రి దాటినాక దక్షిణాఫ్రికా 246 పరుగుల దగ్గర ఆలౌటైంది. 52 పరుగులతో మన అమ్మాయిలు మొదటిసారి ప్రపంచ కప్పు గెలిచారు. పోటీ మొత్తములో మన ఎర్రమల్లె పిల్లకు పధ్నాలుగు వికెట్లు. వీధిలో టపాకాయలు కాల్చారు. 1983లో లేచిన కుక్కల మనుమలు కాబోలు, మరల లేచి మొరిగాయి.

నేను లేచి వస్తూంటే అమ్మ గేటు వరకు వచ్చింది. ఆమె కుడి మణికట్టు కొంచెము వంకరగానే అతుక్కున్నది, బిందె ఎత్తితే ఇప్పటికీ నొప్పి పుడుతుంది. అది పూర్తిగా సరికాదని డాక్టరు చెప్పాడట.

"అయ్యగారూ, వచ్చే నెల మా చెల్లెలు వస్తాంది. ఆయప్ప ఆ నెలలో మ్యాచిలేమీ రాసుకోలేదు, చూసినాను" అని మెల్లగా చెప్పింది.

లోపల గోడ మీద కాలండరు వేలాడుతున్నది. ఎర్ర సిరా కనబడుతూనే ఉన్నది. ప్రియులారా, ఈ నెల మీ ఇంటి కాలండరు ఒకసారి తీసి, భార్యాభర్తలిద్దరూ కూర్చొని చూడండి. అందులో ఎవరి పేర్లు వ్రాసి ఉన్నాయో, ఎవరి పేర్లు వ్రాయుట మరచిపోయారో చూచుకొని, ఇంకను సమయముండగానే వ్రాసికొనుటకు ప్రభువు మీకు సహాయము చేయును గాక.